కాగితానికి ముందే అమ్మానాన్న

పిల్లల్లేని దంపతులకు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు సలహాలకు కొదవ ఉండదు. ఎక్కువగా వినిపించేది, "మీ తమ్ముడికి ముగ్గురు గదా, ఒకర్ని తెచ్చీసుకోండి" అనే మాట. ఇంకోటి గొంతు తగ్గించి చెప్తారు: "ఫలానా నర్సింగ్‌హోమ్‌లో ఒకావిడ ఉంది. కొంచెం ఖర్చవుతాది గానీ పని అయిపోతాది." మొదటిది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే, పద్ధతి ప్రకారం చేస్తే తప్పు లేదు. రెండోది నేరం. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. ఆరేళ్లు దాటి, బాలసదనంలోనో మరో సంరక్షణ గృహంలోనో పెరుగుతున్న పిల్లను ముందు సంరక్షక కుటుంబంగా ఇంటికి తెచ్చుకోవడం, రెండేళ్లు పెంచాక చట్టప్రకారం దత్తత తీసుకోవడం. ఆఫీసుల్లో దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఈ అధ్యాయం దాని గురించే.

ముందు ఆ గొంతు తగ్గించిన సలహా సంగతి తేల్చుకుందాం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అనాథ పిల్లల్నిగానీ, వదిలేసిన పిల్లల్నిగానీ, తల్లిదండ్రులు అప్పగించిన పిల్లల్నిగానీ పద్ధతి తప్పించి దత్తత ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా. ఆ పని చేసింది ఆసుపత్రిలో బిడ్డ బాధ్యత చూసే మనిషైతే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా వెళ్తుంది. 2020లో విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి కేంద్రంగా పసికందుల అమ్మకాల కేసు బయటపడింది. అలాంటి కేసు తేలిన రోజు బిడ్డను పోలీసులు తీసుకెళ్తారు. అప్పటికే ఆ బిడ్డ మీ చంకనెక్కి నిద్రపోవడానికి అలవాటుపడి ఉంటుంది. డబ్బు పోవడం కంటే, పరువు పోవడం కంటే పెద్ద నష్టం అది. దాన్ని మోసేది మీరొక్కరే కాదు, ఆ బిడ్డ కూడా.

వారసుడి కోసం వెతికిన కాలం

దత్తత అనగానే మన ప్రాంతానికి ఆస్తి, వారసత్వం గుర్తొస్తాయి. అందుకు కారణం ఉంది. బొబ్బిలి సంస్థానానికి రాజైన వెంకట శ్వేతాచలపతి రంగారావు పుట్టింది వెంకటగిరి రాజకుటుంబంలో. బొబ్బిలికి దత్తత వచ్చారు. విజయనగరంలో ఆనంద గజపతి 1897లో పోయాక జరిగిన దత్తత మీద వివాదం కోర్టుకెక్కి ఏళ్ల తరబడి నడిచింది. గురజాడ అప్పారావు ఆ సంస్థానం వ్యాజ్యం పనిలో తన జీవితంలో విలువైన కాలం ఖర్చు చేశారు. రాజుల ఇళ్లలో జరిగిందే చిన్న స్థాయిలో మన ఇళ్లలోనూ జరిగింది. తలకొరివి పెట్టేవాడు కావాలి, పొలం చూసుకునేవాడు కావాలి, ఇంటిపేరు నిలబడాలి. ఏ ఇంటి పిల్లాడు, ఏ గోత్రం అనే లెక్కలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆ సంప్రదాయాన్నే కొంత సరిచేసి రాసింది. మరిది కూతుర్నో తోడికోడలి కొడుకునో తెచ్చుకునేవాళ్లకు ఇవాళ్టికీ అదే చట్టం. ఆ దారిలో వెళ్లేవాళ్లు దత్తత పత్రాన్ని రిజిస్టర్ చేయించుకోవడం మరిచిపోవద్దు.

ఫోస్టర్ కేర్ మొదలయ్యే చోటు వేరు. ఇక్కడ వెతుకులాట మీది కాదు, పిల్లది. మీకు ఎలాంటి బిడ్డ కావాలో ఆఫీసులో ఎవరూ ముందుగా అడగరు. ఈ పిల్లకు ఎలాంటి ఇల్లు కావాలి, మీది ఆ ఇల్లు అవుతుందా అని చూస్తారు. చాలామంది ఇక్కడే నొచ్చుకుంటారు. "మేమేదో పుణ్యకార్యం చేద్దామని వస్తే మమ్మల్ని పరీక్ష పెడతారేమిటి" అంటారు. పుణ్యం మాట పక్కన పెట్టి రండి. పుణ్యం కోసం తెచ్చుకున్న పిల్ల రోజూ కృతజ్ఞత చూపిస్తూ బతకాల్సి వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ బరువు మోయలేదు.

ఎవరీ పిల్లలు

రైలు పట్టాల వెంబడి ఉన్న ఊళ్లు మనవి. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, బొబ్బిలి స్టేషన్లలో ఒంటరిగా దొరికే పిల్లలు ఉంటారు. విజయనగరం జంక్షన్లో దిగిన పిల్లాడికి ఒడియా తప్ప మరో భాష రాకపోవచ్చు. సీతంపేట కొండల పిల్లకు సవర భాష ఇంటి మాట అయి ఉండొచ్చు. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్తుంది, పిల్ల బాలల సంక్షేమ సమితి ముందుకు వస్తుంది. సమితి మొదటి పని దత్తత ఇవ్వడం కాదు, ఆ పిల్ల ఇల్లు వెతకడం. తల్లో తండ్రో దొరికితే, వాళ్లు చూసుకోగలిగితే, పిల్ల అక్కడికే వెళ్లాలి. అలా జరిగితే సంతోషించాలి.

ఉద్దానం సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఇంటిపెద్దను తీసుకుపోయిందో ఆ ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరుచుకున్నాయి. అప్పటికే తండ్రి పోయి, తల్లి వలస వెళ్లి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు అక్కడ ఉన్నారు. వాళ్లను చూసి "ఒకర్ని మేం పెంచుకుంటాం" అని ముందుకొచ్చే మంచి మనుషులూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ అమ్మమ్మ పిల్లను ప్రేమగా చూస్తుంటే పిల్లకు ఇల్లు ఉన్నట్టే. లేనిది డబ్బు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. ఆ దరఖాస్తు రాయించి, కాగితాలు జతచేసి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇప్పించి, మంజూరయ్యేదాకా ఆ ముసలమ్మకు తోడుగా తిరగండి. పేదరికం ఒక్కటే కారణమైతే పిల్లను ఇంటి నుంచి వేరు చేయకూడదు.

మరి ఫోస్టర్ కేర్‌కు వచ్చే పిల్లలెవరు? సంరక్షణ గృహంలో ఉంటూ, చూడ్డానికి ఎవరూ రాకుండా పోయినవాళ్లు. తల్లిదండ్రులు ఉన్నా పెంచే స్థితిలో లేరని సమితి తేల్చినవాళ్లు. దత్తతకు అర్హత ఉన్నా వయసు ఎక్కువని, ఆరోగ్యం బాగోదని, ఏ కుటుంబమూ తీసుకోనివాళ్లు. సంక్రాంతి సెలవులకు మిగతా పిల్లలు మేనమామ ఇంటికో పెద్దమ్మ ఇంటికో వెళ్తే హాస్టల్లోనే మిగిలిపోయే పిల్లలు.

అదే సమయంలో దేశంలో దత్తత కోసం పేరు రాయించుకుని ఎదురుచూసే దంపతులు వేలల్లో ఉన్నారు. 2024-25లో దేశమంతటా జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పుష్కరకాలంలో అదే ఎక్కువ. ఏడాది లోపు పసిపాప కావాలని అడిగేవాళ్ల వరుస పొడుగ్గా ఉంటుంది, ఏళ్లు పడుతుంది. ఆ వరుసలో నిలబడొద్దని నేననను. నిలబడి ఉండగానే, ఎనిమిదేళ్ల పిల్లకు అమ్మానాన్న కాగలమా అని భార్యాభర్తలిద్దరూ ఒక సాయంత్రం నిజాయితీగా మాట్లాడుకోండి. కాలేమనిపిస్తే అదీ మంచి జవాబే. మొహమాటానికి తెచ్చుకోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

చట్టం ఏమంటుంది

ఈ విషయం త్వరగా చెప్పేస్తాను. ఫోస్టర్ కేర్‌కు ఆధారం బాలల న్యాయ చట్టంలోని 44వ సెక్షన్. నమూనా మార్గదర్శకాలు 2016లో వచ్చాయి, 2024లో మారాయి. మారినవాటిలో మనకు ముఖ్యమైనవి రెండు. వెనకటికి ఐదేళ్లు పెంచాకే దత్తతకు దారి ఉండేది, ఇప్పుడు రెండేళ్లు చాలు. వెనక దంపతులకే ఉన్న అవకాశం ఇప్పుడు పెళ్లికానివారికి, భర్తో భార్యో పోయినవారికి, విడాకులు తీసుకున్నవారికి, చట్టప్రకారం విడిగా ఉంటున్నవారికి కూడా ఉంది. ఒంటరివారి వయసు 35కూ 60కీ మధ్య ఉండాలి. ఒంటరి మగవారికి ఆడపిల్లను ఇవ్వరు. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం చూస్తారు. దత్తత దగ్గరికి వచ్చేసరికి మీకూ పిల్లకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లైతే దంపతులిద్దరి వయసూ కలిపి 110 దాటకూడదు. ఒంటరి వారైతే 55. ఈ లెక్క చూశాక "మాకు వయసు మీరిపోయింది" అని కూర్చున్న చాలామందికి ధైర్యం వస్తుంది. మతం అడ్డు కాదు. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టులో కాక జిల్లా కలెక్టర్ దగ్గరే వస్తోంది.

దరఖాస్తు కేంద్ర దత్తత సంస్థ, అంటే కారా, పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు. అయినా నేను మొదట మనిషిని కలవమంటాను. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి. ఒక చిన్న జాగ్రత్త: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట వాళ్లకు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. రాజాం వాళ్లకు విజయనగరం. పాత అలవాటుకొద్దీ శ్రీకాకుళం బస్సెక్కి ఒక రోజు పోగొట్టుకోకండి.

తర్వాత సోషల్ వర్కరు ఇంటికి వస్తారు. ఇల్లు సున్నం వేయించాలా, సోఫా కొనాలా అని కంగారుపడతారు చాలామంది. ఆవిడ చూసేది సోఫా కాదు. మీ మాట మీద మీరు ఎలా నిలబడతారో, ఒకరి మీద ఒకరు ఎలా విసుక్కుంటారో, తాగుడు ఉందా, ఇంట్లో పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా అని చూస్తారు. పిల్ల పుట్టకపోవడం గురించి అడిగితే దాచకండి. ఆ బాధ ఇంకా పచ్చిగా ఉంటే ఆ సంగతీ చెప్పండి. బాధ ఉన్నందుకు ఎవరూ కాదనరు. అది మీకు తెలిసి ఉండటం ముఖ్యం. మీకు కన్నబిడ్డ ఉంటే వాడినీ ముందే కూర్చోబెట్టి మాట్లాడండి. దత్తత సమయంలో ఐదేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్ని రాతపూర్వకంగా అడుగుతారు. అప్పటిదాకా ఆగడమెందుకు?

ఆ రెండేళ్లు

అసలు అధ్యాయం ఇక్కడ మొదలవుతుంది.

ఆ రెండేళ్లూ పిల్ల మీ ఇంట్లో ఉంటుంది, మీ పళ్లెంలో తింటుంది, మీ పక్కన పడుకుంటుంది. చట్టం దృష్టిలో ఇంకా మీ బిడ్డ కాదు. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద మీ సంరక్షణలో ఉన్న పిల్ల. అధికారులు వచ్చి చూసి వెళ్తుంటారు. కన్నవాళ్లలో ఒకరు కోలుకుని వచ్చి అడిగితే సమితి మళ్లీ ఆలోచిస్తుంది. కాబట్టి ఈ కాలంలో మీరు చేయాల్సింది చాలా కష్టమైన పని: రేపు ఎలా ఉంటుందో తెలియకుండానే ఇవాళ పూర్తి అమ్మానాన్నలుగా ఉండడం. "కాగితం వచ్చాక మనసు పెడతాం" అనుకునేవాళ్లను పిల్ల రెండు రోజుల్లో కనిపెట్టేస్తుంది.

మీ ఇంటికి ఎనిమిదేళ్ల పిల్ల వచ్చిందనుకోండి. మొదటి నెల చాలా బుద్ధిగా ఉంటుంది. పొద్దున్నే మీకంటే ముందు లేచి దుప్పటి మడతపెట్టి తలుపు దగ్గర నిలబడుతుంది. తిన్న పళ్లెం తనే కడుగుతుంది. అన్నానికి పిలిచేదాకా రాదు, రమ్మంటే వెంటనే వస్తుంది. మీ అత్తగారు చూసి "బంగారం లాటి గుంట" అంటారు. అది బుద్ధి కాదమ్మా, భయం. నచ్చకపోతే పంపించేస్తారేమోనన్న భయం. ఆ నెలలో పొగడ్తలు తగ్గించి, చిన్న చిన్న ఎంపికలు పిల్ల చేతికివ్వండి. ఇడ్లీయా ఉప్మావా? ఎర్ర గౌనా పచ్చ గౌనా? మొదట్లో "మీ ఇష్టం" అంటుంది. నెల గడిచాక ఒకరోజు "నాకొద్దు" అంటుంది. ఆ "వద్దు" మీరు ఎదురుచూడాల్సిన మాట.

తర్వాత ఒకరోజు పక్కబట్టలు దులుపుతుంటే తలగడ కింద సగం తిన్న అరిసె, బిస్కెట్ పొట్లం, వేరుశెనగ గుళ్లు దొరుకుతాయి. చీమలు పట్టి ఉంటాయి. "అడిగితే పెట్టమా, దొంగతనమేంటి?" అని అరవకండి. గంట కొడితే తిండి, గంట దాటితే లేదు అన్న లెక్కలో పెరిగిన పిల్ల అది. రేపటి ఆకలికి ఇవాళ దాచుకుంటోంది. నేను చెప్పే ఉపాయం ఇది: ఆ పిల్ల చేతికందే ఎత్తులో ఒక డబ్బా పెట్టండి. అందులో వేయించిన గుళ్లో, బెల్లం అచ్చులో, అరటిపండో ఎప్పుడూ ఉంచండి. ఇది నీది, అడగక్కర్లేదు, ఎప్పుడైనా తిను అని ఒక్కసారి చెప్పండి. ఆ డబ్బా ఖాళీ అవకుండా చూడటం మీ పని. మొదట రోజూ ఖాళీ అవుతుంది. కొన్నాళ్లకు దాని సంగతే మరిచిపోతుంది. తలగడ కింద చీమలు కనిపించకపోవడాన్ని మించిన ప్రోగ్రెస్ రిపోర్టు ఏ ఆఫీసరూ రాయలేరు.

పక్క తడిపితే పొద్దున్నే అందరిముందూ ఆ మాట ఎత్తకండి. ప్లాస్టిక్ గుడ్డ పరిచి, మారు దుప్పటి దగ్గర పెట్టుకోండి. చీకట్లో దీపం ఉంచండి. పడుకునే ముందు "రేపు పొద్దున్న చోడి జావ తాగి బడికి వెళ్తావు, సాయంత్రం నాన్న సైకిల్ మీద తీసుకొస్తాడు" అని రేపటి సంగతి చెప్పండి. చెప్పినట్టు చేయండి. ఈ పిల్లలకు ప్రేమకంటే ముందు అర్థమయ్యేది మాట నిలుపుకోవడం. సాయంత్రం ఐదింటికి వస్తానని ఆరింటికి వస్తే మామూలు పిల్ల అలుగుతుంది. ఈ పిల్ల వణికిపోతుంది.

మొదటి ఏడాది పైడితల్లి జాతరకు తీసుకెళ్లాలని మీకు ముచ్చటగా ఉంటుంది. సిరిమాను తిరిగే రోజు విజయనగరంలో ఇసకేస్తే రాలని జనం. అంతమందిలో చెయ్యి వదిలితే ఈ పిల్లకు ఏ స్టేషన్ గుర్తొస్తుందో మీకు తెలియదు. ఆ ఏడాది మేడ మీద నుంచి చూపించండి. లేదా జాతరకు ముందే ఒక మామూలు రోజు గుడికి తీసుకెళ్లండి. వచ్చే ఏడాది పిల్లే "జాతరలోకి పోదాం" అని లాక్కెళ్తుంది.

అమ్మా అని పిలవమని ఎప్పుడూ అడగకండి. ఆంటీ అన్నా, పిన్నీ అన్నా, ఏమీ అనకుండా వచ్చి కొంగు పట్టుకున్నా పలకండి. ఆ పిల్లకు అమ్మ అనే పేరుతో ఒక మనిషి ఇప్పటికే ఉండొచ్చు. ఆ మనిషి తాగి కొట్టినదైనా, రైల్లో వదిలేసి వెళ్లినదైనా ఆమెను తక్కువ చేసి మాట్లాడకండి. కన్నతల్లి చెడ్డదంటే పిల్ల చెవికి తనూ చెడ్డదనే వినిపిస్తుంది.

చెయ్యి చేసుకోవద్దు. మన ఇళ్లలో ఒక దెబ్బ వెయ్యడం పెద్ద విషయం కాదని నాకు తెలుసు. ఈ పిల్లకు మాత్రం అది చాలా పెద్ద విషయం. ఆరు నెలలు కష్టపడి సంపాదించిన నమ్మకం ఒక్క చెంపదెబ్బతో పోతుంది. కోపం వస్తే పెరట్లోకి వెళ్లి నీళ్లు తోడండి.

బడి, బంధువులు, ఫోన్లు

బడి దగ్గర టీసీ లేదంటారు, పుట్టినతేదీ పత్రం లేదంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లకు వయసుకు తగ్గ తరగతిలో చోటివ్వాలి. టీసీ లేదని ఆపకూడదు. హెడ్మాస్టర్‌తో మర్యాదగా, గట్టిగా మాట్లాడండి. క్లాసు టీచర్‌కు కావలసినంత వరకే చెప్పండి. "మీ వంశవృక్షం గీసుకురండి" లాంటి హోంవర్కు వస్తే ముందుగా మీకు చెప్పమని అడగండి.

బంధువులు మాట్లాడతారు. "మన రగతమేటి, ఆ గుంటదేటి?" అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లో ఒకావిడ ఉంటుంది. "ఏ కులమో తెలుసా?" అని మెల్లగా అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ. మొదటిసారే, పిల్ల వినేలాగే జవాబివ్వండి: "పెద్దమ్మా, ఇది మా పిల్ల. ఇంకోసారి ఆ మాట మా ఇంట్లో వద్దు." పెద్దవాళ్లను ఎదిరించినట్టుంటుందని ఊరుకుంటే మీ మౌనానికి పిల్ల వేరే అర్థం చెప్పుకుంటుంది. పెళ్లి పిలుపుల్లో, బట్టలు పెట్టేటప్పుడు, భోజనాల వరసలో ఆ పిల్లకు మిగతా మనవలతో సమానమైన చోటు ఉందో లేదో చూసుకోండి. లేని ఇంటికి వెళ్లకండి.

ఫొటోల విషయం గట్టిగా చెప్పాలి. సంరక్షణలో ఉన్న పిల్ల వివరాలు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. మీరు ఎంత సంతోషంతో పెట్టినా వాట్సాప్ స్టేటస్ ఊరంతా తిరుగుతుంది. "అనాథను చేరదీసిన దంపతులు" అని పత్రికలో వేయిస్తామని ఎవరైనా వస్తే మర్యాదగా పంపేయండి. ఆ కాగితం ముక్క పిల్ల పదో తరగతికి వచ్చాక ఎవరో ఒకరు తెచ్చి చూపిస్తారు.

డబ్బు గురించి. మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌కూ నెలకు 4,000 సాయం ఉంది. తీసుకోవడానికి సిగ్గుపడొద్దు, దాన్ని ఆదాయంగా లెక్కపెట్టుకోవద్దు. పిల్ల మీద అయిన ఖర్చును ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. సంరక్షణలో ఉన్నంతకాలం పిల్లకు మీ ఆస్తిలో వారసత్వ హక్కు లేదు. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కన్నబిడ్డతో సమానమైన హక్కు వస్తుంది. మధ్యలో మీకేమైనా అయితే పిల్ల నిలవాలంటే వీలునామా రాయండి.

చేతకావడం లేదనిపించే రోజులు వస్తాయి. పిల్ల అబద్ధాలు చెప్తుంది, వస్తువులు విరగ్గొడుతుంది, "మీరు మా అమ్మానాన్న కాదు" అని మొహం మీదే అంటుంది. ఆ మాట ఎక్కువగా మీరు దగ్గరైనాకే వస్తుంది. ఎంత తోస్తే మీరు కదులుతారో చూస్తోంది. అలాంటప్పుడు సోషల్ వర్కర్‌కు ఫోన్ చేయండి, కౌన్సెలర్ సాయం అడగండి. సాయం అడిగితే పిల్లను తీసుకెళ్లిపోతారనే భయంతో చాలామంది నోరు మూసుకుని ఉంటారు, చివరికి ఒకరోజు ఒక్కసారిగా తెగేదాకా తెచ్చుకుంటారు. ఒకసారి తిరిగి వెళ్లిన పిల్ల రెండో ఇంటిని నమ్మడం ఎంత కష్టమో ఊహించండి. ముందుగా అడగండి, తరచుగా అడగండి.

రెండేళ్లు నిండాక

దత్తతకు దరఖాస్తు పెడతారు. పిల్లను చట్టప్రకారం దత్తతకు అర్హురాలిగా సమితి ప్రకటించి ఉండాలి. ఐదేళ్లు దాటింది గనక పిల్ల ఇష్టమూ కావాలి. ఆ ప్రశ్న కలెక్టరేట్‌లో మొదటిసారి వినిపించకూడదు. ఇంట్లోనే, తీరిగ్గా, మీరే అడగండి. ఆలోచించుకుంటానంటే సమయమివ్వండి. ఇంటిపేరు మారడం గురించి, కొత్త జనన ధ్రువపత్రం గురించి చెప్పండి. తన పేరు మాత్రం మార్చకండి. ఎవరో పెట్టిన పేరే కావచ్చు, ఇన్నేళ్లూ ఆ పిల్లతో ఉన్నది అదొక్కటే. ఉత్తర్వు వచ్చాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. ఇష్టంగా కాఫీ ఇవ్వండి. పిల్లకు 18 నిండాక తన పుట్టుక గురించి తెలుసుకునే హక్కు ఉంది. సంరక్షణ గృహం నుంచి వచ్చిన ప్రతి కాగితం, పాత ఫొటో, వేసుకొచ్చిన గౌను ఒక పెట్టెలో దాచి ఉంచండి.

మొదటిసారి జిల్లా ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, పెళ్లి ధ్రువపత్రం, ఆదాయం కాగితం, వయసు రుజువు, డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం పట్టుకెళ్లండి. వెళ్లి అడగాల్సిన ప్రశ్నలు కూడా రాసుకోండి. పిల్ల ఇంతకుముందు ఎన్ని చోట్ల ఉంది? ఏ జబ్బులకు మందులు వాడింది? ఏ భాషలో కల వచ్చి ఉలిక్కిపడుతుంది? ఎవరిని తలుచుకుంటుంది? అన్నిటికంటే ముందు, ఈ పిల్లకు అన్నదమ్ములుగానీ అక్కచెల్లెళ్లుగానీ ఉన్నారా, ఎక్కడున్నారు అని అడగండి. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయకూడదని మార్గదర్శకాలే చెప్తున్నాయి. మగపిల్లల గృహం వేరు, ఆడపిల్లల గృహం వేరు అయినందున అన్నాచెల్లెళ్లు ఒకే జిల్లాలో ఉండి కూడా కలవకుండా పెరుగుతుంటారు. ఇద్దరినీ తెచ్చుకోగలరేమో ఆలోచించండి. కుదరకపోతే నెలకోసారైనా ఇద్దరూ కలిసే ఏర్పాటు ఏమిటో ఆ గదిలోంచి లేవకముందే కనుక్కోండి.